మిస్సోరీలో డీజిల్ పన్ను పెరిగింది: మన ఇఫ్టా క్రెడిట్ పెరిగినట్టా, తరిగినట్టా?

హైవే44 | అక్టోబర్ 2025
డాలస్ – సెయింట్ లూయిస్ లేన్, ఒకటే ట్రక్కు, సొంత అథారిటీ (నా పేరు మీదే రవాణా అనుమతి), ఇఫ్టా లైసెన్స్ టెక్సస్‌ది. మూడో క్వార్టర్ (జులై–సెప్టెంబర్) ఇఫ్టా రిటర్న్, అంటే ఏ రాష్ట్రం రోడ్డు మీద ఎంత డీజిల్ కాల్చామో చూసి ఆ రాష్ట్రాల ఇంధన పన్ను సర్దే లెక్క, ఈ 31లోపు వేయాలి. అంకెలు ఇవీ:

మొత్తం 24,000 మైళ్ళు. టెక్సస్ 6,000, ఓక్లహోమా 9,000, మిస్సోరీ 9,000.
కొట్టించిన డీజిల్ 4,000 గ్యాలన్లు. టెక్సస్‌లో 2,400, ఓక్లహోమాలో 1,200, మిస్సోరీలో 400.

జులై 1 నుంచి మిస్సోరీ గ్యాలన్‌కి 27 సెంట్ల నుంచి 29.5కి పెంచింది. ఇద్దరు రెండు రకాలుగా చెప్తున్నారు. ఒకాయన "పన్ను పెరిగితే నీ క్రెడిట్ కూడా పెరుగుతుంది, ఇక నుంచి మిస్సోరీలోనే కొట్టించు, లాభం" అంటాడు. ఇంకొకాయన "అసలు మిస్సోరీలో చుక్క కూడా కొట్టించకు" అంటాడు. ఏది కరెక్టు?

లెక్కలపుల్లయ్య
ఇద్దరిదీ తప్పే. ముందు నీ అంకెలతోనే లెక్క కడదాం, తర్వాత వాదన.

24,000ని 4,000తో భాగిస్తే 6.00 ఎంపీజీ (గ్యాలన్‌కి మైళ్ళు). ఇది రాష్ట్రానికి ఒకటి కాదు, అన్ని రాష్ట్రాలకీ కలిపి ఒకటే. దీంతో ప్రతి రాష్ట్రం మైళ్ళనీ భాగించు. టెక్సస్ 1,000 గ్యాలన్లు, ఓక్లహోమా 1,500, మిస్సోరీ 1,500. ఇవి ట్యాక్సబుల్ గ్యాలన్లు, అంటే ఆ రాష్ట్రం రోడ్డు మీద నువ్వు కాల్చినట్టు లెక్క. ఇందులోంచి అక్కడ కొన్నవి తీసెయ్.

టెక్సస్: 1,000 – 2,400 = మైనస్ 1,400. గ్యాలన్‌కి 20 సెంట్లు. 280 డాలర్ల క్రెడిట్.
ఓక్లహోమా: 1,500 – 1,200 = 300. గ్యాలన్‌కి 19 సెంట్లు. 57 డాలర్లు కట్టాలి.
మిస్సోరీ: 1,500 – 400 = 1,100. గ్యాలన్‌కి 29.5 సెంట్లు. 324.50 కట్టాలి.

నికరంగా 101.50 కట్టాలి. పాత 27 సెంట్లే ఉండుంటే మిస్సోరీ 297 అయ్యేది, నికరం 74. రిటర్న్ మీద తేడా 27.50.

కానీ ఆ పెంపు నీకు పడిన అసలు ఖర్చు 27.50 కాదు, 37.50. ఆ మిగతా పది డాలర్లు మిస్సోరీలో కొట్టించిన 400 గ్యాలన్ల మీద పంపు దగ్గరే కట్టేశావు.

ఇప్పుడు మొదటి పెద్దమనిషి మాట విని తిరగేద్దాం. 2,400 మిస్సోరీలో, 400 టెక్సస్‌లో కొట్టించావనుకో. మిస్సోరీ 1,500 – 2,400 = మైనస్ 900, అంటే 265.50 క్రెడిట్. పాత రేటులో ఇది 243. చూశావా, క్రెడిట్ 22.50 పెరిగింది! ఆయన చూసి సంబరపడేది దీన్నే. కానీ పంపు దగ్గర 2,400 గ్యాలన్ల మీద రెండున్నర సెంట్ల చొప్పున 60 డాలర్లు ఎక్కువ కట్టావు. 60లోంచి 22.50 పోతే మళ్ళీ అదే 37.50.

1,500 గ్యాలన్లు మిస్సోరీలో కాల్చావు కాబట్టి 1,500 రెట్లు రెండున్నర సెంట్లు. ఎక్కడ కొట్టించినా అంతే. క్రెడిట్ అనేది నువ్వు ముందే కట్టింది వెనక్కి రావడం, అంతకుమించి ఏమీ లేదు.

హైవే44
అర్థమైంది పుల్లయ్యగారూ. అయితే ఎక్కడ కొట్టించాలో ఎలా తేల్చుకోవాలి? పన్నుతో సంబంధమే లేదా?

నైట్‌షిఫ్ట్_కూకట్‌పల్లి
ఉంది. బోర్డు మీద రేటులోంచి ఆ రాష్ట్రం ఇఫ్టా రేటు తీసేసి మిగిలినవాటిని పోల్చండి. మేం ఇక్కడ హైదరాబాద్ నుంచి అమెరికా క్యారియర్లకి (ట్రక్కు కంపెనీలకి) బ్యాక్ ఆఫీస్ చేస్తాం. డిస్పాచ్ షీట్‌లో పంపు రేటు, కార్డు డిస్కౌంట్, ఇఫ్టా రేటు, మిగిలింది అని నాలుగు గళ్ళు ఉంటాయి.

ఉదాహరణకి టెక్సస్‌లో బోర్డు 3.29, మిస్సోరీలో 3.35 అనుకోండి. చూడ్డానికి టెక్సస్ ఆరు సెంట్లు చవక. పన్ను తీస్తే టెక్సస్ 3.09, మిస్సోరీ 3.055. మిస్సోరీనే మూడున్నర సెంట్లు చవక. 150 గ్యాలన్ల ఫిల్లింగ్‌కి 5.25 డాలర్లు.

డిస్కౌంట్ విషయంలో ఒక తిరకాసు ఉంది. "కాస్ట్ ప్లస్" కార్డులకి (బంకు కొన్న ధర మీద కొంత కలిపి వేసేవి) పంపు బోర్డుతో పనే లేదు, ఇన్‌వాయిస్‌లో పడే రేటు చూడాలి. బోర్డు చూసి లెక్కేస్తే తప్పుడు స్టాప్‌కి పంపిస్తారు.

ఆడిట్‌పిచ్చి
పై పోస్టుకి ఒక సవరణ. పంపులో కట్టే పన్నంతా ఇఫ్టాలో వెనక్కి రాదు. ఇఫ్టా రేటులో ఉన్న భాగమే వస్తుంది. షికాగో చుట్టుపక్కల కుక్ కౌంటీ తన సొంత ఇంధన పన్ను వేస్తుంది, ఇఫ్టా రిటర్న్‌లో దానికి గడే లేదు. కాబట్టి ఇలినాయ్ బోర్డులోంచి ఇఫ్టా రేటు తీసేసినా, కుక్ కౌంటీలో కొట్టిస్తే ఆ స్థానిక పన్ను మీ నెత్తినే. కౌంటీ దాటాక కొట్టించుకుంటే సరి.

డబ్బాబండి
నాదో చిన్న చిట్కా. పన్ను పెరిగే ముందు రోజు, అంటే జూన్ 30న, రెండు ట్యాంకులూ నిండా కొట్టించేయడమే. కారువాళ్ళు చేసేదే మనమూ చేద్దాం.

లెక్కలపుల్లయ్య
ఇది కారుకి చెల్లుతుంది, ఇఫ్టా బండికి చెల్లదు. జూన్ 30న కొన్న డీజిల్‌కి క్రెడిట్ రెండో క్వార్టర్‌లో పాత రేటుకి వస్తుంది. ఆ డీజిల్ జులైలో కాలిస్తే మూడో క్వార్టర్‌లో కొత్త రేటుకి పన్ను. నయాపైసా మిగలదు.

ఆడిట్‌పిచ్చి
పుల్లయ్యగారూ, మీతో ఎప్పుడోగానీ విభేదించను, ఇక్కడ మాత్రం తప్పదు. జూన్‌లో పోసిన డీజిల్ జులైలో కాలినా, అది మూడో క్వార్టర్‌లోకి వస్తుందని ఇఫ్టా అనుకోదు. బల్క్ ట్యాంకు (సొంత యార్డులో నిల్వ ట్యాంకు) లేనివాళ్ళకి క్వార్టర్‌లో బండిలో పోసిన గ్యాలన్లన్నీ ఆ క్వార్టర్‌లోనే కాలినట్టు లెక్క. ట్యాంకులో ఎంత మిగిలిందని రిటర్న్ అడగదు కదా.

జూన్ 30న 200 గ్యాలన్లు అదనంగా పోశామనుకోండి. రెండో క్వార్టర్ మొత్తం గ్యాలన్లు 200 పెరిగాయి, ఎంపీజీ కాస్త తగ్గింది, ఆ 200 ఆ క్వార్టర్ మైళ్ళ నిష్పత్తిలో అన్ని రాష్ట్రాలకీ పంచుకుపోయాయి, పాత రేట్లకి. మూడో క్వార్టర్‌లో 200 తగ్గాయి, ఎంపీజీ పెరిగింది, కొత్త రేటు పడే గ్యాలన్లు ఆ మేరకి తగ్గాయి.

కాబట్టి మిగులుతుంది, కానీ 200 గ్యాలన్ల మీదా కాదు. మిస్సోరీ వాటా మైళ్ళలో 37.5 శాతం, అంటే 75 గ్యాలన్లు. రెండున్నర సెంట్ల చొప్పున ఒక డాలరు 88 సెంట్లు. తమాషా ఏంటంటే ఆ 200 టెక్సస్‌లో పోసినా మిగిలేది ఇంతే.

లెక్కలపుల్లయ్య
ఒప్పుకుంటున్నాను. మొత్తం గ్యాలన్లు ఎంపీజీ లెక్కలోకి వెళ్తాయన్న సంగతి మర్చిపోయి మాట్లాడాను. పై పోస్టు అలాగే ఉంచుతున్నా, చదివేవాళ్ళకి పనికొస్తుంది.

డబ్బాబండి
అంటే రెండు డాలర్లు కూడా రాని దానికి లైన్లో నిలబడాలా! సరే, వదిలేశా.

కొలంబస్‌రిగ్
పెంపు పెద్దదైతే ఆ చిట్కాకి కాస్త బలం వస్తుంది. ఒహాయో 2019 జులై 1న డీజిల్‌ని 28 సెంట్ల నుంచి ఒకేసారి 47కి తీసుకెళ్ళింది. ఒహాయో వాటా 40 శాతం ఉన్న బండికి ఇదే 200 గ్యాలన్ల ట్రిక్కుతో 15 డాలర్ల 20 సెంట్లు. అయినా దీనికోసం రూటు మార్చుకోవడం దండగ.

ఆడిట్‌పిచ్చి
ఇంకోటి. ఇలా క్వార్టర్ చివర ట్యాంకులు నింపడం, మొదట్లో ఖాళీతో నడపడం ఎక్కువగా చేస్తే ఒక్క ట్రక్కు ఉన్నవాళ్ళకి ఎంపీజీ 5.6, 6.5, 5.7 అని ఊగుతుంది. ఆడిటర్ ముందు చూసేదే ఆ ఊగుడు. కారణం చూపించగలిగితే పర్వాలేదు.

రీఫర్‌రాజు
ఇక్కడ అందరూ "ఫ్యూయల్ ట్యాక్స్ క్రెడిట్" అని ఒకే మాట వాడుతున్నారు గానీ అవి రెండు వేర్వేరు. ఇఫ్టాలో వచ్చేది రాష్ట్రాల పన్ను. ఫెడరల్ డీజిల్ పన్ను 24.4 సెంట్లు, 1993 నుంచి మారలేదు, దానికీ ఇఫ్టాకీ సంబంధం లేదు. రోడ్డు మీద కాల్చిన డీజిల్‌కి ఫెడరల్ క్రెడిట్ రాదు. రాష్ట్రం పన్ను పెంచినా తగ్గించినా ఫెడరల్ క్రెడిట్ కదలదు.

ఫెడరల్ క్రెడిట్ వచ్చేది ప్రధానంగా రీఫర్ యూనిట్‌కి (ట్రైలర్‌లో సరుకుని చల్లగా ఉంచే మిషన్). దాని ట్యాంకు విడిగా ఉండాలి, అందులో మామూలు పన్ను కట్టిన డీజిల్ పోసి ఉండాలి. అప్పుడు గ్యాలన్‌కి 24.3 సెంట్లు వస్తాయి, ఆ మిగతా 0.1 సెంటు రాదు. ఏడాదికి 500 గ్యాలన్లు పోస్తే 121.50. ఏడాది చివర ట్యాక్స్ రిటర్న్‌తో ఫారం 4136 వేస్తే చాలు. క్వార్టర్‌కోసారి కావాలంటే ఫారం 8849, షెడ్యూల్ 1. దానికి క్లెయిము కనీసం 750 డాలర్లు ఉండాలి, చిన్నవాళ్ళకి అందదు. డీజిల్ మొత్తాన్ని ఖర్చు కింద చూపించి ఉంటే వెనక్కి వచ్చింది ఆదాయంలో కలపాలి, సీపీఏకి (మీ అకౌంటెంట్‌కి) చెప్పండి.

ఎర్ర డీజిల్ (రోడ్డు మీద బండికి వాడకూడని, పన్ను లేని రంగు డీజిల్) రీఫర్ ట్యాంకులో పోసేవాళ్ళకి ఈ క్లెయిమే ఉండదు, ఎందుకంటే పన్నే కట్టలేదు. అదే ఎర్ర డీజిల్ ట్రక్కు ట్యాంకులో దొరికితే ఫెడరల్ పెనాల్టీ వెయ్యి డాలర్లు లేదా గ్యాలన్‌కి పది, ఏది ఎక్కువైతే అది. ట్యాంకులో అడుగున ఉన్న రంగుని కూడా పట్టేస్తారు.

నైట్‌షిఫ్ట్_కూకట్‌పల్లి
రాజుగారి పోస్టుకి అనుబంధం. మా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో ఎక్కువ కనిపించే తప్పు: రీఫర్ గ్యాలన్లు ట్రక్కు గ్యాలన్లలో కలిపేయడం. ట్రక్ స్టాప్ రసీదులో ట్రాక్టర్ (ట్రైలర్‌ని లాగే ట్రక్కు) లైను, రీఫర్ లైను, డెఫ్ (పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం) లైను మూడూ విడివిడిగా ఉంటాయి. కార్డు కంపెనీ నుంచి ఎక్సెల్ దింపుకుని మొత్తం గ్యాలన్ల గడిని కూడేస్తే మూడూ కలిసిపోతాయి. డెఫ్ అసలు ఇంధనమే కాదు. ప్రాడక్ట్ కోడ్ మీద ఫిల్టర్ పెట్టాకే కూడండి. రీఫర్ కలిస్తే ఎంపీజీ పడిపోతుంది, లేని క్రెడిట్ అడిగినట్టూ అవుతుంది. ఆడిట్‌లో రెండూ బయటపడతాయి.

కొలంబస్‌రిగ్
నాదో ప్రశ్న. నాష్‌విల్ నుంచి కొలంబస్, కెంటకీ మీదుగా. కెంటకీలో కాల్చిన దానికంటే ఎక్కువే కొట్టిస్తాను, అయినా రిటర్న్‌లో కెంటకీకి కట్టాల్సింది చూపిస్తోంది. క్రెడిట్ ఉండాలి కదా?

లెక్కలపుల్లయ్య
తమ్ముడూ, అది సర్‌ఛార్జ్ లైను. కెంటకీ, వర్జీనియా రెండింటికీ రిటర్న్‌లో రెండేసి లైన్లు. మొదటిది మామూలు పన్ను, అక్కడ కొన్నవి తీసేసి మిగిలిన గ్యాలన్లకి. రెండోది సర్‌ఛార్జ్. ఇది పంపు దగ్గర వసూలు చేయరు, కాబట్టి కొన్నదాన్ని తీసేయడమూ ఉండదు. ట్యాక్సబుల్ గ్యాలన్లు మొత్తానికీ పడుతుంది. 300 కాల్చి 500 కొట్టించినా మొదటి లైనులో 200కి క్రెడిట్, రెండో లైనులో 300కి సర్‌ఛార్జ్.

అందుకే పెంపు వార్త వచ్చినప్పుడు అది మామూలు రేటులో పెంపా, సర్‌ఛార్జ్‌లో పెంపా అని చూడాలి. మామూలు రేటు పెరిగితే కొంత పంపులో, కొంత రిటర్న్‌లో పోతుంది. సర్‌ఛార్జ్ పెరిగితే మొత్తం రిటర్న్‌లోనే చెక్కు రాయాలి, అక్కడ ఎంత కొట్టించినా తప్పించుకోలేవు.

చేత్తో నింపేవాళ్ళు సర్‌ఛార్జ్ లైనులో మైళ్ళు మళ్ళీ రాస్తారు. మైళ్ళు రెండుసార్లు కూడబడి మొత్తం తేడా వస్తుంది. అక్కడ గ్యాలన్లే, మైళ్ళు వద్దు.

కెంటకీలోనే 60,000 పౌండ్లు, ఆపైన ఉన్న బండికి కేవైయూ అనే బరువు-దూరం పన్ను వేరే ఉంది, మైలుకి 2.85 సెంట్లు. అది ఇఫ్టా కాదు, ఇఫ్టా క్రెడిట్ దానికి సర్దరు.

పోర్ట్‌లాండ్_పాస్
మా వైపు లెక్క ఇంకో రకం. వాషింగ్టన్ జులై 2025లో డీజిల్‌ని 49.4 నుంచి 58.4కి పెంచింది. ఒరెగాన్‌లో పెద్ద బండ్లకి వెయిట్-మైల్ పన్ను (బరువుని బట్టి మైలుకి ఇంత అని), డీజిల్ మీద ఇఫ్టా రేటు సున్నా. ఒరెగాన్‌లో కొట్టిస్తే రాష్ట్ర పన్ను వేయకూడదు, క్రెడిట్టూ ఉండదు.

కొత్తవాళ్ళు చేసే పొరపాటు: ఒరెగాన్ బోర్డు 3.60, నది దాటితే వాషింగ్టన్ 4.10 అని చూసి ఒరెగాన్‌లో నింపేస్తారు. 4.10లోంచి 58.4 సెంట్లు తీస్తే 3.516. నది దాటి కొట్టించినవాడికే 8.4 సెంట్లు మిగిలింది. అంకెలు ఉదాహరణకే, రోజూ మారతాయి. కానీ పోల్చేది ఇలాగే.

ఒరెగాన్ రేటు సున్నా కదా అని అక్కడి మైళ్ళు, గ్యాలన్లు రిటర్న్‌లో రాయకుండా వదిలేయొద్దు. మొత్తం తప్పితే ఎంపీజీ తప్పుతుంది, ఎంపీజీ తప్పితే అన్ని రాష్ట్రాలూ తప్పుతాయి.

ఆడిట్‌పిచ్చి
రసీదుల గురించి ఎవరూ ఎత్తలేదు. పన్ను పెరిగే కొద్దీ పోయిన రసీదు ఖరీదూ పెరుగుతుంది. 150 గ్యాలన్ల మిస్సోరీ రసీదు పోతే 44.25. అదే వాషింగ్టన్‌ది పోతే 87.60.

రసీదులో ఉండాల్సినవి: తేదీ, అమ్మినవాళ్ళ పేరు, చిరునామా, గ్యాలన్లు, ఇంధనం రకం, గ్యాలన్ ధర లేదా మొత్తం, యూనిట్ నంబరు లేదా ప్లేటు, కొన్నవాళ్ళ పేరు. యూనిట్ నంబరు పంపు దగ్గర కార్డు అడిగినప్పుడే సరిగ్గా కొట్టండి. పెన్నుతో దిద్దిన రసీదు, అది సరైనదేనని మీరు నిరూపించలేకపోతే, చెల్లదు. నాలుగేళ్ళు దాచాలి. థర్మల్ కాగితం డాష్‌బోర్డు మీద ఎండకి ఆర్నెల్లలో తెల్లబడిపోతుంది, ఆ రోజే ఫోటో తీసుకోండి.

రసీదు పోయినప్పుడు చాలామంది ఇంకో తప్పు చేస్తారు: ఆ గ్యాలన్లని మొత్తంలోంచి కూడా తీసేస్తారు. అది చేయకండి. క్రెడిట్ పోయింది నిజమే, కానీ డీజిల్ కాలింది కూడా నిజమే. హైవే44 గారి 400 గ్యాలన్లు మొత్తంలోంచి తీసేస్తే ఎంపీజీ 6.67కి ఎగురుతుంది, అన్ని రాష్ట్రాలకీ తక్కువ కట్టినట్టు అవుతుంది.

రికార్డులు అసలు లేకపోతే ఆడిటర్ ఎంపీజీని 20 శాతం తగ్గించవచ్చు, లేదా 4.00 పెట్టేయవచ్చు. 4.00 పెడితే ఇదే క్వార్టర్‌లో ట్యాక్సబుల్ గ్యాలన్లు 4,000 నుంచి 6,000 అవుతాయి. కట్టాల్సింది 101.50 నుంచి 565.25కి. ఇది ఒక్క క్వార్టర్‌కే, ఆడిట్ ఒక్క క్వార్టర్‌తో ఆగదు. మైళ్ళకి జీపీఎస్ వాడేవాళ్ళు: ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ కనీసం పది నిమిషాలకోసారి పొజిషన్ రికార్డవ్వాలి. ఈఎల్‌డీ (డ్రైవింగ్ గంటలు నమోదు చేసే పరికరం) ఉంది కదా అని ధీమా వద్దు. లాగ్‌బుక్ కోసం గంటకోసారి నమోదైతే ఆ రూల్‌కి సరిపోతుంది గానీ దీనికి సరిపోదు. ప్రొవైడర్‌ని అడిగి ఇఫ్టా రిపోర్ట్ ఆన్ చేయించుకోండి.

బాక్స్‌ట్రక్_ఎస్‌టీఎల్
మిస్సోరీ పెంపు వెనక్కి ఇస్తారని విన్నాను. నిజమేనా?

నైట్‌షిఫ్ట్_కూకట్‌పల్లి
నిజమే, కానీ పెద్ద బండ్లకి కాదు. 2021 అక్టోబర్ నుంచి మిస్సోరీ 17 సెంట్ల మీద మెట్టుకి రెండున్నర సెంట్ల చొప్పున అయిదు మెట్లు ఎక్కింది: 19.5, 22, 24.5, 27, ఇప్పుడు 29.5. 26,000 పౌండ్ల లోపు హైవే బండ్లకి ఆ పెరిగిన భాగాన్ని ఏడాదికోసారి వెనక్కి అడగొచ్చు. ఫారం 4923-హెచ్. జులై నుంచి జూన్ వరకు కొన్నదానికి ఆ తర్వాతి జులై 1 – సెప్టెంబర్ 30 మధ్యే వేయాలి, ముందు వేసినా వెనక వేసినా తీసుకోరు. ఈ జులై నుంచి కొన్నవాటికి గ్యాలన్‌కి 12.5 సెంట్లు, 800 గ్యాలన్లకి వంద డాలర్లు.

మీ బండి తలుపు మీద స్టిక్కర్ చూడండి. 25,999 అని ఉంటే ఈ దారి. 26,000 దాటితే, లేదా మూడు యాక్సిల్స్ ఉంటే బరువెంతైనా, ఇఫ్టా దారి.

బాక్స్‌ట్రక్_ఎస్‌టీఎల్
25,999. ధన్యవాదాలు. పికప్‌కి గూస్‌నెక్ ట్రైలర్ తగిలించి హాట్‌షాట్ (చిన్న అర్జెంటు లోడ్లు) చేసే ఫ్రెండు ఉన్నాడు, వాడికీ వస్తుందా?

నైట్‌షిఫ్ట్_కూకట్‌పల్లి
పికప్, ట్రైలర్ కలిపి బరువు 26,000 దాటిందా, అది ఇఫ్టా బండే. ట్రైలర్ లేకుండా తిరిగిన ట్రిప్పుల డీజిల్ మీద ఆశపడి 4923-హెచ్ వేసే ముందు మిస్సోరీ రెవెన్యూ వాళ్ళకి రాసి లిఖితంగా జవాబు తీసుకోమనండి.

కొలంబస్‌రిగ్
లీజ్ మీద ఉన్నవాళ్ళ గోడు కూడా వినండి. క్యారియర్ లైసెన్స్ కింద నడిపితే ఇఫ్టా వాళ్ళు వేస్తారు, సెటిల్‌మెంట్‌లో మన దగ్గర కోస్తారు. వాళ్ళు వేసేది ఫ్లీట్ మొత్తం ఎంపీజీతో. నా బండి 7.5 ఇస్తుంది, ఫ్లీట్ 6.0 అనుకోండి. ఒహాయోలో 9,000 మైళ్ళకి నేను కాల్చింది 1,200, నా మీద పడేది 1,500. ఆ 300 గ్యాలన్లు పాత 28 సెంట్లకి 84 డాలర్లు. 47కి 141. పన్ను పెరిగిన కొద్దీ ఈ తేడా కూడా లావెక్కుతుంది. ఇది న్యాయమేనా?

లెక్కలపుల్లయ్య
రాష్ట్రానికి ఫ్లీట్ లెక్కే ఇవ్వాలి, అది రూలు. కానీ మీ దగ్గర ఎలా కోయాలన్నది లీజు ఒప్పందం తేలుస్తుంది, రాష్ట్రం కాదు. యూనిట్ వారీ మైళ్ళు, గ్యాలన్లు వాళ్ళ దగ్గర ఎలాగూ ఉంటాయి. "నా యూనిట్ ఎంపీజీతో లెక్కకట్టి చూపించండి, క్రెడిట్ వచ్చిన రాష్ట్రాలది కూడా జమ చేయండి" అని రాతపూర్వకంగా అడగండి. రెండో ముక్క ముఖ్యం. కట్టాల్సినవి కోసుకుని క్రెడిట్లు మాత్రం మింగేసే సెటిల్‌మెంట్లు ఉంటాయి. మొత్తం ఒక్క అంకె ఇస్తే ఒప్పుకోకండి, రాష్ట్రాల వారీగా షీట్ అడగండి.

హైవే44
చివరిగా రెండు. రేటు క్వార్టర్ మధ్యలో మారితే ఏం చేయాలి? క్రెడిట్ వస్తే చెక్కు పంపుతారా, జమ వేసుకుంటారా?

నైట్‌షిఫ్ట్_కూకట్‌పల్లి
పెంపులు ఎక్కువగా జనవరి 1, జులై 1న పెడతారు కాబట్టి క్వార్టర్‌తో కలిసిపోతాయి. మధ్యలో వచ్చేవి సాధారణంగా పన్ను ఆపేయడాలు. జార్జియా 2022 మార్చి 18న ఇంధన పన్ను ఆపింది, 2023 జనవరి 10 దాకా పొడిగించుకుంటూ పోయింది. అలాంటి క్వార్టర్‌లో ఆ రాష్ట్రాన్ని రెండుగా చీల్చాలి: ముందు మైళ్ళు, ముందు గ్యాలన్లు ఒక లైను, తర్వాతవి ఇంకో లైను. పన్ను ఆపిన రోజుల్లో కొన్నదానికి క్రెడిట్ సున్నా, ఎందుకంటే కట్టింది సున్నా. క్వార్టర్ మొత్తం కొన్నదానికి పాత రేటుకి క్రెడిట్ అడిగితే వెనక్కి కొడతారు. అందుకే ట్రిప్ షీట్‌లో రాష్ట్రం సరిహద్దు దాటిన తేదీ ఉండాలి, నెల మొత్తం చాలదు.

ఎక్సెల్ వాడేవాళ్ళు ప్రతి క్వార్టర్‌కీ ఇఫ్టా వెబ్‌సైట్‌లో ఆ క్వార్టర్ రేట్ల పట్టిక కొత్తగా దింపుకోండి. పాత ఫైలు కాపీ చేసి మైళ్ళు మార్చేస్తే పాత రేటే ఉండిపోతుంది. వార్తల్లో చూసిన అంకె కూడా పెట్టకండి. కాలిఫోర్నియా ఇఫ్టా రేటులో ఎక్సైజే కాదు, డీజిల్ సేల్స్ ట్యాక్స్ భాగం కూడా ఉంటుంది. వార్తలో వచ్చేది ఎక్సైజ్ ఒక్కటే.

లెక్కలపుల్లయ్య
రెండో ప్రశ్నకి: రెండూ కుదురుతాయి. రీఫండ్ అడగొచ్చు, తర్వాతి క్వార్టర్‌కి జమ ఉంచుకోవచ్చు. జమని ఎనిమిది క్వార్టర్లకి మించి ఉంచరు, ఆలోపు వాడుకోవాలి, లేదా అడిగి తెచ్చుకోవాలి.

క్రెడిట్ వస్తోంది కదా, ఆలస్యమైతే ఏంటి అనుకోవద్దు. 31 దాటితే పెనాల్టీ 50 డాలర్లు లేదా నికర పన్నులో పది శాతం, ఏది ఎక్కువైతే అది. సున్నా రిటర్న్‌కీ, క్రెడిట్ రిటర్న్‌కీ ఆ 50 వర్తిస్తుంది. వడ్డీ అయితే రాష్ట్రం వారీగా లెక్కిస్తారు. నికరంగా నీకే రావాల్సి ఉన్నా, మిస్సోరీకి బాకీ ఉంటే మిస్సోరీ లైను మీద వడ్డీ పడుతుంది. టెక్సస్ క్రెడిట్ దాన్ని కాపాడదు. బండి క్వార్టర్ మొత్తం షెడ్డులో ఉన్నా సున్నాలతో రిటర్న్ వేయాల్సిందే.

హైవే44
వేసేశాను. 101.50 కరెక్టుగా వచ్చింది. కాకపోతే పోర్టల్‌లో ఓక్లహోమా గ్యాలన్లు 1,200 బదులు 1,214 అని పడింది. చూస్తే ఒక రసీదులో 14 గ్యాలన్లు డెఫ్.

నైట్‌షిఫ్ట్_కూకట్‌పల్లి
చెప్పానా! సబ్మిట్ చేసేశారా, డ్రాఫ్టేనా?

హైవే44
డ్రాఫ్ట్‌లోనే దిద్ది కొట్టాను. 101.50 అన్నది దిద్దాక వచ్చిందే.